నాలుగో బోరు: ఒక పెట్రోలు బంకు కింద నీళ్లు, మట్టి శుభ్రం చేస్తున్న డైరీ

1వ రోజు

బంకులోకి వెళ్లకుండా ముందు ఆ ఇంటికే వెళ్లాను. ప్రహరీకి అవతల, అరవై మీటర్ల దూరంలో ఉంది. పెరట్లో పాత బావి. పెద్దావిడ చేద వేసి నీళ్లు తోడి నా ముందు పెట్టింది. "వాసన చూడు నాయనా. ఇంట్లో వాళ్లు నీదంతా భ్రమ అంటున్నారు" అంది. భ్రమ కాదు. బకెట్ మీదికి వంగగానే తెలిసిపోయింది. మా మీటర్లు రాకముందే ఆవిడ ముక్కు పట్టేసింది.

ఆ నీళ్లు తాగొద్దని, వంటకు వాడొద్దని చెప్పాను. కాచుకుని స్నానం చేయడం కూడా వద్దన్నాను. కాస్తే పోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. పోతుంది నిజమే, కానీ పోయేది గది గాలిలోకి, అక్కణ్ణించి మన ఊపిరితిత్తుల్లోకి. పెట్రోలులో ఉండే వాటిలో నాకు భయం బెంజీన్ అంటేనే. క్యాన్సర్ తెస్తుందని నిర్ధారణ అయిన పదార్థం అది. తాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అదే బెంజీన్ లీటరు నీటిలో 1.8 గ్రాముల దాకా కరగగలదు. అంటే ఉండదగిన దానికి లక్షా ఎనభై వేల రెట్లు. అందుకే కొంచెం పెట్రోలు కూడా చాలా నీళ్లను పాడుచేస్తుంది.

తరువాత బంకు చూశాను. ట్యాంకు బాగానే ఉంది. ట్యాంకు నుంచి పంపు దాకా వెళ్లే పైపు ప్రెషర్ టెస్టులో నిలవలేదు. తవ్వి చూస్తే ఒక జాయింటు దగ్గర మట్టి నల్లగా, తడిగా ఉంది. సెకనుకు ఒక చుక్క కారినా రోజుకు నాలుగు లీటర్ల పైన పోతుంది, ఏడాదికి పదిహేను వందల లీటర్ల పైన. రోజువారీ స్టాకు లెక్కలో అంత తేడా ఆవిరి కింద కొట్టుకుపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. పైపు మార్చేశారు. లీకు ఆగింది కాబట్టి ఇక మా పని మొదలు.

5వ రోజు నుంచి 9వ రోజు దాకా

రెండేళ్ల కింద ఇంకెవరో ఇక్కడ నేల కింది నీళ్లను చూడడానికి రెండు పరీక్ష బోర్లు వేసి, నీటి మీద తేలే పెట్రోలు ఏమీ లేదని రిపోర్టు ఇచ్చారు. ఆ రిపోర్టు చదివి నాకు కడుపు మండిపోయింది. నీళ్లు 4 మీటర్ల దగ్గర ఉంటే, వాళ్లు చిల్లుల పైపు 6 నుంచి 9 మీటర్ల మధ్య దింపారు. పెట్రోలు నీటి కంటే తేలిక, నీటి మట్టం మీదే పేరుకుంటుంది. చిల్లులన్నీ నీళ్ల కింద ఉంటే అది లోపలికి ఎలా వస్తుంది? ఆ బోర్లు సరిగ్గా వేసి ఉంటే ఆ పెద్దావిడ రెండేళ్లు ఆ నీళ్లు తాగేది కాదు.

మేం తొమ్మిది బోర్లు వేశాం. ప్రతి దానిలో చిల్లుల పైపు నీటి మట్టానికి పైనా కిందా ఉండేలా చూశాను. వానలకు నీళ్లు పెరిగినా, ఎండలకు దిగినా మట్టం ఆ చిల్లుల మధ్యే ఉండాలి. మొదటి ఒకటిన్నర మీటర్లు రిగ్గు పెట్టనివ్వలేదు, చేత్తో తవ్వించాను. రిగ్గు ఆపరేటర్‌కు విసుగొచ్చింది. "రోజంతా తవ్వుతూ కూర్చుంటే ఎలా సార్" అన్నాడు. మూడో గుంటలో కరెంటు కేబుల్ కనిపించింది. ఆ తరువాత తనే పలుగు అందుకున్నాడు.

నాలుగో బోరు పాత జాయింటుకు ఆరు మీటర్ల దూరంలో ఉంది. మట్టి కోరు, అంటే బోరులోంచి వచ్చే పొడవాటి మట్టి కడ్డీ, పైకి తీసి బల్ల మీద పరిచి, ప్రతి అర మీటరుకు కొంచెం మట్టి జిప్ కవర్లో సగం దాకా వేసి, మూసి, నలిపి, పది నిమిషాలు ఆగి, కవరుకు చిన్న కన్నం పొడిచి ఆవిరి మీటరు ముక్కు పెట్టాను. ఒక మీటరు లోతు మట్టికి 4 పీపీఎమ్ (గాలిలో పది లక్షల వంతులకు 4 వంతుల ఆవిరి). మూడు మీటర్లకు 35. నాలుగు మీటర్లకు ఒక్కసారిగా 1,100. నాలుగున్నరకు 1,450. ఐదుకు 900. ఐదున్నరకు 60.

అంకెల కంటే ముందే రంగు చెప్పింది. పై ఇసుక అంతా ఇటుక రంగులో ఉంటే, 3.6 నుంచి 5.1 మీటర్ల మధ్య ముక్క మాత్రం బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంది. బాక్టీరియా పెట్రోలును తింటూ ఆక్సిజన్ అంతా వాడేసి, అది అయిపోయాక మట్టిలోని ఇనుప తుప్పును వాడుకుంటాయి. తుప్పు పోతే ఎర్రదనమూ పోతుంది. ఆ మీటరున్నర ముక్కనే పూత మండలం అంటాం. నీటి మట్టం ఏడాదంతా పైకి కిందికి కదులుతూ పెట్రోలును గోడకు సున్నం వేసినట్టు పూసేసి పోతుంది. 4.7 మీటర్ల దగ్గర ఒక జానెడు మెత్తటి ఒండ్రు పొర కనిపించింది. ఫోటో తీశాను, నోటు రాసుకున్నాను, ముందుకు పోయాను. ఆ జానెడు పొర సంగతి తరువాత రాస్తాను.

16వ రోజు

బోర్లన్నీ నిలకడకు వచ్చాయి. ఈ రోజు కొలతలు.

టేపు చివర కట్టి బోరులోకి దించే మా ప్రోబు పెట్రోలు తగిలితే ఆగకుండా మోగుతుంది, నీళ్లు తగిలితే పిప్పు పిప్పుమంటుంది. నాలుగో బోరులో 3.98 మీటర్ల దగ్గర ఆగని మోత మొదలైంది. టేపు నెమ్మదిగా వదులుతూ పోయాను, మోత ఆగడం లేదు. 4.60 దగ్గర పిప్పులు. అంటే 62 సెంటీమీటర్ల పెట్రోలు. బెయిలర్ (బోరులోంచి నీళ్లు తోడే సన్నటి గొట్టం) దించి పైకి తీస్తే పారదర్శకమైన గొట్టంలో లేత తేనె రంగు, దాని కింద నీళ్లు, మధ్య గీత కత్తితో కోసినట్టుంది.

బంకు యజమాని పక్కనే ఉన్నారు. నేల కింద రెండడుగుల పెట్రోలు చెరువు ఉందా అని ఆయన ముఖం పాలిపోయింది. అలా కాదు. బోరు ఖాళీ గొట్టం. దానిలోకి వచ్చిన పెట్రోలు తన బరువుతో నీళ్లను కిందికి నెట్టి మందంగా కనిపిస్తుంది. బయట ఇసుక రేణువుల సందుల్లో అదంతా నీటితో, గాలితో కలిసి పలచగా ఉంటుంది. బోరులో మందం చూసి లీటర్లు లెక్కగడితే చాలా ఎక్కువ వస్తుంది.

నీళ్లు ఎటు పారుతున్నాయో పటం గీయడంలో నేనే ఒక తప్పు చేశాను. నాలుగో బోరులో నీటి లోతు 4.60 అని వేసేశాను. పటంలో అక్కడ ఒక గుంట పడి, చుట్టూ ఉన్న నీళ్లన్నీ బంకులోకే వస్తున్నట్టు కనిపించింది. అదే నిజమైతే ఆ ఇంటి బావికి వాసన ఎలా వచ్చింది? రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చింది. పెట్రోలు సాంద్రత దాదాపు 0.74. 62 సెంటీమీటర్ల పెట్రోలు 46 సెంటీమీటర్ల నీళ్లంత బరువు పెడుతుంది. 4.60లోంచి 0.46 తీసేస్తే అసలు మట్టం 4.14. సరిచేసి మళ్లీ గీస్తే గుంట మాయమై, వాలు నేరుగా ఆ ఇంటి వైపు తిరిగింది.

వాలు వంద మీటర్లకు 40 సెంటీమీటర్లు. బోరులో నీటి మట్టాన్ని ఒక్కసారిగా కదిపి అది ఎంతసేపట్లో సర్దుకుంటుందో చూసే పరీక్షలో ఈ ఇసుక పారకత రోజుకు సుమారు 5 మీటర్లని తేలింది. హెన్రీ డార్సీ 1856లో ప్రచురించిన సూత్రంతోనే ఇప్పటికీ లెక్క కడతాం. పారకతను వాలుతో హెచ్చించి, ఇసుకలో ఖాళీల వాటా 0.25తో భాగిస్తే రోజుకు 8 సెంటీమీటర్లు, ఏడాదికి 29 మీటర్లు. అరవై మీటర్లకు రెండేళ్ల పైన. బెంజీన్ నీటి కంటే కొంచెం వెనకబడే నడుస్తుంది. కాబట్టి ఈ లీకు నిన్నా మొన్నటిది కాదు.

17వ రోజు

నీటి శాంపిళ్లు. దీని గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ చేయి తొందరపడితే తరువాత ఎన్ని యంత్రాలు పెట్టినా అంకెలు నమ్మలేం.

పంపును నిమిషానికి పావు లీటరు వేగంతో నడిపాను. వేగంగా తోడితే బురద కదులుతుంది, గాలి కలుస్తుంది, బెంజీన్ ఎగిరిపోతుంది. ఉష్ణోగ్రత, ఆమ్లత, వాహకత, కరిగిన ఆక్సిజన్ నాలుగూ నిలకడగా వచ్చే దాకా కాచుకుని, అప్పుడు 40 మిల్లీలీటర్ల గాజు సీసా తీసుకున్నాను. బాక్టీరియా దారిలోనే బెంజీన్‌ను తినేయకుండా సీసాలో ముందే కొన్ని చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. గొట్టాన్ని సీసా గోడకు ఆనించి నింపుతూ, చివర్లో నీరు అంచు దాటి గుమ్మటంలా ఉబ్బే దాకా ఆగాను. ఒక చుక్క పోతే పొంగేటంత. మూత బిగించి, సీసా తలకిందులు చేసి, వేలితో రెండుసార్లు తట్టాను. అడుగు నుంచి ఒక బుడగ పైకి లేచింది. ఆ సీసా పారేసి కొత్తది నింపాను. ఆ బుడగ ఉన్నదంటే బెంజీన్‌లో కొంత నీటిని వదిలి దానిలోకి పోతుంది. ప్రతి బోరుకు మూడు సీసాలు, వెంటనే ఐసు పెట్టెలోకి.

ఫలితాలు తొమ్మిది రోజులకు వచ్చాయి. లీటరుకు మైక్రోగ్రాముల్లో బెంజీన్: ఇరవై మీటర్ల దూరంలోని ఆరో బోరులో 8,400. నలభై ఐదు మీటర్ల దగ్గరి ఎనిమిదో బోరులో 610. ఆ ఇంటి బావిలో 38. నాలుగో బోరులో నీటి శాంపిల్ తీయలేదు, పైన పెట్రోలే ఉన్నప్పుడు అంకెకు అర్థం లేదు.

38 అనే అంకెను పెద్దావిడకు నేనే వెళ్లి చెప్పాను. అప్పటికే ఆ ఇంటికి వేరే నీళ్ల ఏర్పాటు జరిగింది. "మళ్లీ ఈ బావి నీళ్లు తాగుతామా?" అని అడిగింది. ఎప్పుడని చెప్పలేను గానీ ఆ పని మీదే ఉన్నానమ్మా అన్నాను.

5వ వారం నుంచి 10వ వారం

తేలే పెట్రోలు తీయడం. నాలుగు, ఐదు బోర్లలో పై పొరను మాత్రమే తోడే పంపులు పెట్టాం. మొదటి రోజు 90 లీటర్లు, రెండో రోజు 40, మూడో రోజు 22. వారం తిరిగేసరికి రోజుకు ఆరేడు లీటర్లు. ఆరు వారాల్లో మొత్తం 410 లీటర్లు. ఈ పని ఎప్పుడూ ఇలాగే సాగుతుంది, మొదట ఉత్సాహం, తరువాత నత్తనడక. పారగలిగిన పెట్రోలు వచ్చేసింది, మిగిలింది రేణువులను పట్టుకుని ఉంది.

12వ వారం

వానలు. నీటి మట్టం 1.2 మీటర్లు పెరిగింది. నాలుగో బోరులో ప్రోబు దించితే నేరుగా పిప్పు పిప్పు. పెట్రోలు సున్నా!

యజమాని ఫోన్ చేశారు. "అయిపోయినట్టేనా సార్?" ఆయన గొంతులో ఆశ విని చెప్పడానికి మనసొప్పలేదు గానీ చెప్పాల్సిందే. అది పోలేదు, మునిగింది. నీళ్లు పెరిగినప్పుడు ఇసుక సందుల్లోని పెట్రోలు తేలి పైకి రాలేక, చిన్న చిన్న బొట్లుగా తెగి నీటి కిందే ఇరుక్కుంటుంది. బోరులోకి పారదు కాబట్టి కనిపించదు. కానీ ఇప్పుడు నీళ్లు దాని చుట్టూ తిరుగుతున్నాయి, కరిగించుకుపోతున్నాయి. రెండు వారాల తరువాత ఆరో బోరులో బెంజీన్ 11,200 వచ్చింది. పైన సున్నా కనిపించిన నెలలోనే కింద ఇంత పెరిగింది.

ఈ రోజు నుంచి నాలుగో బోరు గురించి ఒక నియమం పెట్టుకున్నాను. నీళ్లు పెరిగినప్పుడు అది ఏం చెప్పినా లెక్కలోకి తీసుకోను. నీళ్లు దిగినప్పుడు ఏం చెబుతుందో అదే నా లెక్క.

5వ నెల

డిజైన్. తవ్వి తీసేయొచ్చు కదా అని అందరూ అడిగారు. పంపుల పక్కన, ట్యాంకు చుట్టూ ఐదు మీటర్ల లోతు తవ్వితే కట్టడాలు నిలవవు, పైగా నీటి కింద తవ్వాలి. నీళ్లు మాత్రమే తోడి శుభ్రం చేద్దామంటే, రేణువులను పట్టుకున్న పెట్రోలు ఏళ్ల తరబడి కరుగుతూనే ఉంటుంది.

నా నిర్ణయానికి ఆధారం ఒక చిన్న లెక్క. ఒక గ్రాము బెంజీన్‌ను పూర్తిగా తినడానికి బాక్టీరియాకు సుమారు మూడు గ్రాముల ఆక్సిజన్ కావాలి. మామూలు వేడిలో లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములే. అదే లీటరు గాలిలో 280 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ముప్పై అయిదు రెట్లు! కాబట్టి ఆ మట్టికి నీళ్ల ద్వారా కాదు, గాలి ద్వారానే ఆక్సిజన్ అందించాలి. ఆ గాలే పెట్రోలు ఆవిరిని బయటికి లాక్కొస్తుంది కూడా.

పథకం ఇది. నీటి మట్టానికి పైన ఉన్న మట్టిలోంచి వాక్యూమ్ బ్లోయర్‌తో ఆవిరి లాగాలి. మట్టానికి బాగా కింద, 7 మీటర్ల దగ్గర సన్నగా గాలి ఊదాలి, అది ఇసుక సందుల్లో సన్నటి దారులు చేసుకుని పైకి వస్తూ ఇరుక్కున్న బెంజీన్‌ను తీసుకురావాలి. ముందుగా చిన్నగా చేసి చూసిన పైలట్ టెస్టులో నాలుగు మీటర్ల నీటిని నెట్టడానికి 40 కిలోపాస్కల్ ఒత్తిడి, దాని మీద ఇంకొంచెం సరిపోయింది. ఇంకా పెంచుదామన్న వాళ్లకు ఒప్పుకోలేదు. ఒత్తిడి ఎక్కువైతే నేల చీలి, గాలంతా ఆ చీలిక వెంటే పోతుంది, మిగతా మట్టికి ఏమీ అందదు.

ఒక విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. కింద ఊదే గాలి కంటే పైన లాగే గాలి ఎప్పుడూ ఎక్కువ ఉండాలి, బ్లోయర్ ఆగితే కింద గాలి ఊదే కంప్రెసర్ దానంతటదే ఆగాలి. లేకపోతే పెట్రోలు ఆవిరిని మేమే నేల కింద నుంచి పక్క గదుల్లోకి తోసినట్టవుతుంది. గాలిలో 1.4 శాతం పెట్రోలు ఆవిరి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. ఆవిరి మీటరు ఒక్కదాన్నే నమ్మలేం, అది మీథేన్‌ను చూడలేదు. ఆక్సిజన్ లేని మట్టిలో బాక్టీరియా మీథేన్ చేస్తాయి. అందుకే పేలుడు వాయువు మీటరు విడిగా పెట్టాం.

7వ నెల

మొదలుపెట్టిన రోజే దెబ్బ తిన్నాం. ఉదయం పదిన్నరకు బ్లోయర్ ఆన్ చేశాం. ముప్పావు గంటలో నీరు పట్టే డ్రమ్ము నిండిపోయి అలారం మోగి అంతా ఆగింది. ఖాళీ చేసి మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే. మూడోసారి బోరు మూత మీద గేజీ చూశాను: ఒక మీటరు నీటిమట్టానికి సమానమైన వాక్యూమ్. గాలిని ఎంత గట్టిగా లాగితే నీళ్లు అంత పైకి లేస్తాయి, స్ట్రాతో పీల్చినట్టు. బోరు చిల్లుల్లో ముప్పావు వంతు నీళ్లలో మునిగాయి. మేం ఆవిరి లాగాల్సిన మట్టిని మేమే ముంచాం.

చాలా టెన్షన్ పడ్డాను. మూడు రోజులు పని ఆపి, ప్రతి లాగుడు బోరులో ఒక సన్నటి గొట్టం దించి, నీళ్లు, ఆవిరి కలిపి లాగేలా మార్చాం. నీటి మట్టం మీటరు దిగింది. దానితో వానల్లో మునిగిన ఆ పూత మండలం మళ్లీ గాలికి తేలింది. మొదటే ఇలా డిజైన్ చేసి ఉండాల్సింది.

తరువాత వారం బయటికి వచ్చే గాలి గంటకు 100 ఘనపు మీటర్లు, ఒక్కో ఘనపు మీటరులో 12 గ్రాముల ఆవిరి. రోజుకు 29 కిలోలు! పంపులు ఆరు వారాల్లో తీసినంత సరుకు పదకొండు రోజుల్లో ఆవిరిగా వచ్చేసింది. ఇంత చిక్కటి ఆవిరిని కార్బన్‌లోకి (ఆవిరిని పట్టి ఉంచే ప్రత్యేకమైన బొగ్గు) పంపితే అది వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, అందుకని మొదటి నెలలు కాల్చే యూనిట్‌లోకే పంపాం. పలచబడ్డాక కార్బన్‌కు మార్చాం. నీళ్లకు రెండు కార్బన్ ట్యాంకులు వరసగా. మొదటిది నిండి జారవిడిస్తే రెండోది పట్టుకుంటుంది, అప్పుడు మొదటిది మార్చి వెనక్కి పెడతాం.

10వ నెల

తుప్పుతో యుద్ధం. కింద ఆక్సిజన్ లేక కరిగి ఉన్న ఇనుము గాలి తగలగానే నారింజ రంగు బురదగా మారి గొట్టాలు, కార్బన్ ట్యాంకు మూతులు మూసేస్తోంది. వారానికోసారి కడుగుతున్నాం. ముందు ఒక స్థిరపడే తొట్టి, ఫిల్టరు పెట్టాక నెలకోసారి చాలుతోంది.

16వ నెల

బెంజీన్ ఆరో బోరులో 140. నాలుగో బోరు 95. ఇంటి బావి 6, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 10 లోపలే. ఆపేద్దామని అందరి మాట. నేనూ ఆపుదామనే అన్నాను, కానీ వేరే కారణానికి. యంత్రం నడుస్తున్నప్పుడు వచ్చే అంకె ఆ క్షణం కదిలే నీటిది. ఆపి మూడు నెలలు నేలను దాని మానాన వదిలితే వచ్చే అంకె దాచుకున్న దాన్ని బయటపెడుతుంది. ఆపాం. యంత్రాలు మాత్రం తీయనివ్వలేదు.

19వ నెల

నాలుగో బోరు: 1,900.

ల్యాబ్ పొరపాటేమో అని మళ్లీ తీశాను. 1,860. ఆ సాయంత్రం మొదటి నెల కోరు ఫోటోలు అన్నీ తెరిచాను. 4.7 మీటర్ల దగ్గర ఆ జానెడు ఒండ్రు పొర. నోటులో నా రాతే ఉంది, చదవకుండా దాటేసింది నేనే. మేం ఊదిన గాలి సులువైన ఇసుక దారి చూసుకుని ఆ పొర చుట్టూ పోయింది. లీకు నడిచినన్నేళ్లు ఆ మెత్తటి పొర బెంజీన్‌ను పీల్చుకుంది, ఇప్పుడు చుట్టూ నీళ్లు శుభ్రపడగానే నిదానంగా వదులుతోంది. దాన్ని బలవంతంగా పిండలేం.

ఏం మార్చామంటే: నాలుగో బోరు చుట్టూ మూడు కొత్త బోర్లు, సరిగ్గా ఆ పొర పైన ఒకటి, కింద రెండు. గాలిని ఏకధాటిగా కాకుండా కొన్ని గంటలు ఊది, కొన్ని గంటలు ఆపడం. ఆపినప్పుడు ఆ గాలి దారులు మూసుకుని నీళ్లు కదులుతాయి, ప్రతిసారీ గాలికి కొత్త దారి దొరుకుతుంది. లాగడం బాగా తగ్గించి, ఆక్సిజన్ అందించడమే ముఖ్యం చేసుకున్నాం. ఇక మీద ఈ పని బాక్టీరియాది.

22వ నెల

అవి పని చేస్తున్నాయా లేదా చూశాం. గాలి ఆపేసి మట్టి రంధ్రాల్లోని ఆక్సిజన్‌ను రెండు రోజులు కొలిచాను. 20.4 శాతం నుంచి మొదలై, మరునాటికి 16, ఆ తరువాత రోజుకు 12. శుభ్రమైన మూలలో వేసిన తొమ్మిదో బోరులో 20 నుంచి కదల్లేదు. లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారన్నమాట. ఈ డైరీలో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చిన కొలత ఇదే.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బెమిడ్జీ దగ్గర 1979 ఆగస్టులో ముడి చమురు పైపు పగిలింది. అక్కడ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా అదే నేలను పరిశీలిస్తున్నారు. నేలలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌తోనూ, అది లేనప్పుడు ఇనుముతోనూ, చివరికి మీథేన్ చేస్తూనూ చమురును తింటాయని మనకు గట్టిగా తెలిసింది చాలావరకు అక్కడి కొలతల వల్లే. అక్కడ ఇన్నేళ్ల తరువాత కూడా చమురు ఇంకా మిగిలే ఉంది. ఎవరైనా ఆరు నెలల్లో శుభ్రం చేసి ఇస్తామంటే నాకు బెమిడ్జీ గుర్తొస్తుంది.

28వ నెల

రెండోసారి ఆపాం.

31వ నెల

నాలుగో బోరు 66. ఆరో బోరు 9. ఎనిమిదో బోరులోనూ, ఇంటి బావిలోనూ ల్యాబ్ పట్టుకోగలిగిన 0.5 కంటే తక్కువ. ఇంటి బావికి వరసగా ఇది మూడో శుభ్రమైన ఫలితం. వరసగా నాలుగు శుభ్రమైన ఫలితాలు వచ్చాక బావి సంగతి చూద్దామని పెద్దావిడకు మాటిచ్చాను. తను మాత్రం కాలెండరు మీద గీతలు పెట్టుకుంటోంది.

34వ నెల

నాలుగో బోరు 52. ఇంటి బావి నాలుగోసారి 0.5 లోపు. బావి పూర్తిగా తోడించి, అడుగు పూడిక తీయించి, క్లోరిన్ వేయించాం. ఊరిన నీళ్లకు మళ్లీ పరీక్ష పెట్టాను, శుభ్రం. ఆవిడ మొదటి చేద తనే తోడింది. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. "లేదు నాయనా" అంది. మొక్కలకు పోసింది. తాగడానికి ఇంకో ఎండాకాలం చూస్తానంది. నాకూ ఆ మాటే సరైనదనిపించింది.

37వ నెల

నీళ్లు ఈ మూడేళ్లలో ఎన్నడూ లేనంత కిందికి దిగాయి. నేను ఎదురుచూసింది ఈ వారం కోసమే. వానల్లో మునిగిందేదైనా మిగిలి ఉంటే, నీళ్లు దిగినప్పుడు పారి నాలుగో బోరులోకి రావాలి.

ఉదయం ఒక్కడినే వెళ్లాను. మూత తీసి ఆవిరి మీటరు పెట్టాను, 3 పీపీఎమ్. టేపు వదిలాను. 3.98 దాటింది, మొదటిసారి మోత మొదలైన చోటు. 4.14 దాటింది. 4.31 దగ్గర ప్రోబు పలికింది. పిప్పు, పిప్పు, పిప్పు. పైకి లాగి తుడిచి మళ్లీ దించాను. 4.31, పిప్పులే. బెయిలర్ దించి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. నీటి మీద రంగుల పొర కూడా లేదు.

పంపు పెట్టి, నాలుగు కొలతలూ నిలకడయ్యే దాకా కూర్చుని, మూడు సీసాలు నింపాను. రెండో సీసాలో బుడగ వచ్చింది, మళ్లీ నింపాను. ఐసు పెట్టె మూశాను. ఫలితం తొమ్మిది రోజులకు వస్తుంది.